లవంగాల వాసన వేసిన పేపరు

త్రాసు ఎక్కమంటే చిబ్బె నేలకి అతుక్కుపోయాడు. వెనక నుంచి హిస్కె నెట్టి, ముందు నుంచి పశువుల డాక్టర్ ఫెనా లాగి, మొత్తానికి ఎక్కించారు. అంకె చూసి ఫెనా మొహమాటపడలేదు. నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న మా ఫ్రీస్‌లాండ్‌లో మొహమాటం కొట్లో అడిగినా దొరకదు.

"మీ కుక్క లావుగా ఉంది హిస్కె గారూ. బాగా లావుగా. మోకాలి దగ్గర లిగమెంటు తెగింది, ఆపరేషన్ చెయ్యక తప్పదు. కానీ ఇంత ఒళ్లు మీద మత్తిస్తే లేస్తాడన్న నమ్మకం నాకు లేదు. ఆకులు రాలే లోపు ఆరు కిలోలు తగ్గించండి. లేకపోతే ఆ కాలు ఇక అంతే."

"వాడి గిన్నెలో పెట్టేది నేను కొలిచి పెడతాను," అంది హిస్కె.

"అయితే గిన్నె బయట ఎవరో పెడుతున్నారు."

హిస్కెకి ఒళ్లు మండింది. ఊళ్లో గడియారం తప్పినా ఆమె తప్పదని పేరు. రోజూ చిబ్బె పళ్లు తోమేది, చెవులు తుడిచేది, గడ్డిలో తిరిగొస్తే పిడుదుల కోసం బొచ్చంతా వెతికేది. గుమ్మం దగ్గర 'ఆగు' అంటే ఆగేలా, పిల్లలొస్తే మీద పడకుండా పెంచింది. మూడు చలికాలాల కిందట భర్త రిన్సె పోయాక ఆ ఇంట్లో ఆమె గొంతు వినే ప్రాణి వాడొక్కడే. వాడు మూడు కాళ్ల మీద కుంటుతూ బతుకుతుంటే చూడటం ఆమె వల్ల కాదు. దారిపొడుగునా వాణ్ణి తిట్టుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ ఇంటికి నడిపించుకొచ్చింది.

వాళ్లుండేది కాలువ గట్టు మీద, కార్లు రాని బాటలో, ఏడిళ్ల వరస. ఏడిళ్లకీ కలిపి ఒకటే పేపరు. ఎవరి మటుకు వాళ్లు కొనుక్కోలేక కాదు, ఒకరు చదివినంత మాత్రాన అక్షరాలు అరిగిపోవు కదా అని. పొద్దున్నే హిస్కె చదవడం అయ్యాక చిబ్బె దాన్ని నోట కరుచుకుని పక్కింటికి తీసుకెళ్తాడు. వాళ్లు కాఫీ తాగుతూ చదివేదాకా కాళ్ల దగ్గర కూర్చుని, మళ్లీ కరుచుకుని ఆ పక్కింటికి. చివరింటికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఇది రిన్సె నేర్పిన విద్య. కాలికి దెబ్బ తగిలినా ఆ మెల్లనడక మంచిదేనని ఫెనా మాన్పించలేదు.

ఆ వారమే పక్కింటి రెన్స్కె పుట్టినరోజు. గుండ్రంగా కుర్చీలు వేసి, వచ్చినవాళ్లందరికీ కాఫీ, తలా ఒక కేకు ముక్క ఇచ్చారు. వీధంతా ఒకేచోట దొరికింది కదా అని హిస్కె కప్పు కింద పెట్టి, నిలబడి, ఫెనా చెప్పింది చెప్పి, చిబ్బెకి ఎవరు పెడుతున్నారో చెప్పమని అడిగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరి చూపులూ కప్పుల్లోకి వెళ్లాయి. ముందు రెన్స్కే నోరు విప్పింది.

"పేపరు తెచ్చినవాణ్ణి ఉత్త మూతితో పంపమంటావా? ఒక్క బిస్కెట్టు పెడతాను. ఒక్కటే. తర్వాత డబ్బా మూసేస్తాను."

ఆ పక్క కుర్చీ కూడా ఒక్కటే అంది. ఆ పక్కది కూడా. ఎవరింటికి చుట్టం వచ్చినా కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసేసే పద్ధతి ఊరందరిదీ. కుక్క దగ్గర కూడా ఎవరూ పద్ధతి తప్పలేదు. తప్పకుండానే తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నారు. ఆఖరి కుర్చీలో చివరింటి మెల్లె ఉన్నాడు. కాలువలో పడవలొస్తే వంతెన ఎత్తే ఉద్యోగం చేసి మానుకున్న ఒంటరివాడు, నవ్వితే పన్ను కట్టాలేమో అన్నట్టుండే మనిషి. తను ఏమీ పెట్టననీ, వాడి చొంగతో తడిసిన పేపరు తెచ్చినందుకు పెట్టాల్సిన అవసరం కూడా కనపడదనీ చెప్పి కేకు తినడంలో పడ్డాడు.

హిస్కె అక్కడికక్కడే తీర్పు చెప్పింది. చిబ్బె పొద్దుటి గిన్నెలోంచే తలా పిడికెడు కుక్కమేత గింజలు అన్ని ఇళ్లకీ పంచుతుంది. పెట్టదలిచినవాళ్లు అవే పెట్టాలి. వీధి ఒప్పుకుంది. మాట మీద నిలబడింది కూడా. చిబ్బె మొదటిరోజు బిస్కెట్టు డబ్బా వైపు, రెన్స్కె మొహం వైపు మార్చి మార్చి చూసి, మోసం జరిగిందని అర్థమై, అయినా గింజలు తిన్నాడు.

వేసవి సగం గడిచింది. మళ్లీ త్రాసు ఎక్కిస్తే తగ్గింది ఒక కిలో. ఫెనా తల అడ్డంగా ఊపింది. ఇలాగైతే తేదీ ఇవ్వలేనంది.

హిస్కెకి అనుమానం ఒకే ఒక్కడి మీద పడింది. ఏమీ పెట్టనన్నవాడి మీద. వాన పడుతున్నా లెక్కచెయ్యకుండా తిన్నగా చివరింటికి వెళ్లి తలుపు బాదింది.

"ఏమయ్యా మెల్లె, అందరూ ఒప్పుకున్నారు, నువ్వొక్కడివే పెద్దమనిషివా? ఏం పెడుతున్నావు వాడికి?"

మెల్లె లోపలికెళ్లి ఆ రోజు పేపరు తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. చిబ్బె కరుచుకొచ్చే అంచున వెన్న మరక జిడ్డుగా మెరుస్తోంది.

"వాసన చూడు. రోజూ ఇదే వాసన. బిస్కెట్టుకి లవంగాల వాసన వస్తుందా?"

"రాదు."

"లవంగాల చీజ్ ఈ వీధిలో తినేవాడు ఒక్కడే ఉండేవాడు. వాడు నా స్నేహితుడు. వాడు పోయాడు. మరి ఈ చీజ్ ఎవరింట్లో కోస్తున్నారు హిస్కె?"

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగని వెన్న మరక పట్టించింది.

మర్నాడు పొద్దున్న హిస్కె తన చేతుల్ని తనే కాపలా కాసింది. చెయ్యి నల్లటి రై ధాన్యపు రొట్టె ముక్క ఒకటి కోసింది. ఆగకుండా రెండోది కోసింది. దానికి మందంగా వెన్న రాసి, లవంగాల చీజ్ పరిచి, ఎదుటి కుర్చీ ముందు పెట్టింది. రిన్సె ముక్క. ఆమెకి అసలు తినబుద్ధి కాని చీజ్ అది, అయినా కొంటూనే ఉంది. కాసేపటికి ఆ ముక్క తీసి, పారేయడం పాపం గనక, కింద చూస్తున్న చిబ్బెకి అందించబోయింది. రోజూ చేసేదే. మూడేళ్లుగా అది కుక్కకి పెట్టినట్టు ఆమెకి ఒక్కసారీ తోచలేదు. అది రిన్సె లెక్కలోది. కుక్క లెక్కలోకి ఎలా వస్తుంది?

ఆమె పళ్లెం పట్టుకుని కుర్చీలో కూలబడి ఏడ్చింది. చిబ్బె తన గడ్డం ఆమె మోకాలి మీద ఆనించాడు. జాలి కొంత, చీజ్ కొంత.

ఒక్క ముక్కే కొయ్యడం తన వల్ల కాదని ఆమెకి తెలుసు. ప్రయత్నించి చూసే ఓపిక కూడా లేదు. కుక్క తినకూడదు, పారెయ్యకూడదు, మరి తినే నోరు కావాలి. గుమ్మంలోకి వచ్చి గట్టు చివరిదాకా వినపడేలా పిలిచింది.

మెల్లె ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చి నిలబడ్డాడు. "ఏమైంది?"

"పేపరు తడిసిపోతోందన్నావు కదా. రోజూ ఇక్కడికొచ్చి పొడిగా ఉండగానే చదువుకో. ఎలాగూ వచ్చావు కనక ఈ ముక్క తిను."

"ఇది పిలుపా, పనా?"

"పనే. వాడి కాలు కోసం."

మెల్లె కుర్చీ లాక్కుని కూర్చుని, ముక్క కొరికి, చాలాసేపు నమిలాడు. రిన్సె రుచులన్నీ ఇంతే మొండివని గొణిగి, మిగతాది కూడా తిన్నాడు. మర్నాడు పిలవకుండానే వచ్చాడు. చిబ్బె ఆశగా చూస్తే, పేపరు మడిచి నోటికిచ్చి పనిలోకి పంపాడు.

ఆకులు పసుపెక్కే వేళకి చిబ్బె తనే త్రాసు ఎక్కి కూర్చున్నాడు. ఆరు కిలోలూ పోయాయి. ఆపరేషన్ జరిగింది. కుట్లు చూపించడానికి వచ్చిన రోజు హిస్కెతో పాటు మెల్లె కూడా చిబ్బె మెడతాడు పట్టుకుని వచ్చాడు. చిబ్బె నాలుగు కాళ్లూ నేలకి ఆనించి గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే హిస్కె ఆ నాలుగూ రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

ఫెనా సంతోషంగా కుక్కని నిమిరింది. తర్వాత, మొహమాటం లేని పిల్ల కదా, మెల్లె చొక్కా గుండీల వైపు చూసింది. అవి పాపం చాలా కష్టపడుతున్నాయి.

"కుక్క ఒంటి మీదిదంతా ఎక్కడికి పోయిందా అనుకున్నాను. మీరు కూడా ఒకసారి త్రాసు ఎక్కుతారా?"

మెల్లె చెవులు ఎర్రబడ్డాయి. హిస్కె అతని చేతిలోంచి తాడు అందుకుంది.

"ఆయన్ని తూచకమ్మా," అంది. "ఆయన్ని నేను తగ్గించదలుచుకోలేదు."