ఊక బూడిద

తాడేపల్లిగూడెంలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లుకు బాపిరాజు మేనేజరు. అతని భార్య దుర్గాభవానికి నలభై దాటాక పొట్ట పెరిగింది. షుగరు హద్దు దాటబోతోందనీ, రోజూ నడవాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ బాధ్యత బాపిరాజు తీసుకున్నాడు. తెల్లవారకముందే ఆమెను లేపి పంపి, తాను మళ్ళీ దుప్పటి కప్పుకునేవాడు.

బండ్ల రద్దీ లేదని ఆమె మిల్లు వెనక రోడ్డున నడిచేది. ఊకతో మండే బాయిలరు ఆ వేళకే రాజుకునేది. పొగలోని బూడిదను ఆపే ఫిల్టరు మాటిమాటికీ పూడుకుపోయి పని ఆగుతోందని, పొగను నేరుగా గొట్టంలోకి వదిలేయమన్నది బాపిరాజే. చీకట్లో ఎవరికీ కనపడదనుకున్నాడు.

కొన్నాళ్ళకు దుర్గాభవాని గొంతు మండుతోందనీ, దగ్గొస్తోందనీ అంది. నడక తప్పించుకోవడానికి సాకులు వెతకొద్దన్నాడతను. ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు. నడుస్తూనే ఉంది.

ఒక ఉదయం ఊపిరాడక ఆమె ఆ రోడ్డు పక్కనే కూలబడింది. అక్కడే కాపురముండే యేసమ్మ ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

బాపిరాజు వెళ్ళేసరికి ఆమె ముక్కుకు ఆక్సిజన్ మాస్కు ఉంది. ఎక్కడ నడుస్తావని డాక్టరమ్మ అడిగింది. మిల్లు వెనక రోడ్డునని దుర్గాభవాని చెప్పింది. నడిచేటప్పుడు ఊపిరి ఎక్కువ పీలుస్తామని, గాలి పాడైతే ఆ మురికీ ఎక్కువే లోపలికి పోతుందని, నడక మేలు కొంత అక్కడే పోతుందని చెప్పింది. నడక మాత్రం మానొద్దంది.

దుర్గాభవాని చేతిరుమాలు మంచం మీదుంది. దాని మీది నల్లటి నలుసులు ఏమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ వెళ్ళాక, తల వంచుకుని ఫిల్టరు సంగతంతా భార్యకు చెప్పాడు.

ఆమె మాస్కు కాస్త పక్కకు జరిపింది.

"నేనైతే ఇంకో రోడ్డున నడుస్తానండి. ఆ యేసమ్మ వాళ్ళు ఎక్కడికి పోతారు?"

తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

నేరుగా మిల్లుకు వెళ్ళి బాయిలరు ఆపించాడు. ఓనరు ఫోనులో కేకలేశాడు. తప్పు తనదేననీ, ఫిల్టరు బాగయ్యేదాకా వెలిగించననీ, కావాలంటే తనను తీసేయమనీ బాపిరాజు చెప్పాడు. ఓనరు తీసేయలేదు గానీ, అప్పట్నుంచి అతనితో ముభావంగానే ఉన్నాడు.

యేసమ్మ గుమ్మం దాకా వెళ్ళి క్షమించమన్నాడు. "ఇంట్లో మా అత్త కూడా దగ్గుతూనే ఉందండి" అని మాత్రం ఆమె అంది. ఆ ముసలావిణ్ణి బాపిరాజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు.

ఇప్పుడు దుర్గాభవాని పొద్దెక్కాక కాలవగట్టు మీద నడుస్తోంది. బాపిరాజు కూడా వెళ్తాడు. తన పొట్ట మోసుకుంటూ ఆమె వెనకే రొప్పుతుంటాడు. మధ్యలో ఆమె దగ్గితే అక్కడికక్కడే ఆగిపోతాడు. "ఏం లేదు, పదండి" అంటుందామె, వెనక్కి తిరక్కుండానే.