పదకొండే మిగులుతాయి

శనివారం సెమినార్‌లో నేను మాట్లాడటం లేదన్న సంగతి నా భర్త ఆదర్శ్ చొక్కా నేను ఇస్త్రీ చేస్తుండగా తెలిసింది.

"మీ ప్రొఫెసర్ విశ్వేశ్వరరావుగారు ఫోన్ చేశారు. కుదరదని చెప్పేశాను. ఆ రోజు మా మేనేజర్ భోజనానికొస్తున్నాడు కదా! నీ బదులు ఆ కొత్త కుర్రాడు కిరణ్ చెప్తాడట" అన్నాడు ఆదర్శ్, టై వెతుక్కుంటూ.

ఏడాదిన్నరగా చేస్తున్న లెక్క అది. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం కాక అయిదో దిశ ఒకటుంటే, ఆ విశ్వాన్ని ఎన్ని విధాలుగా జరిపితే, తిప్పితే దాని నియమాలు మారకుండా ఉంటాయి? పదిహేను. మరి ఆ అయిదో దిశ చిన్న వలయంలా చుట్టుకుని ఉంటే? పప్పు ఉడికేలోగా, బట్టలు ఆరేసి వచ్చేలోగా, పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుంటూ ముందుకు నడిపాను.

"కంటికి కనపడని దిక్కు గురించి ఎవరు చెప్తే ఏంటమ్మా? గుత్తొంకాయ మాత్రం నువ్వు చేస్తేనే బాగుంటుంది" అంది అత్తయ్య. ప్రేమగానే అంది.

శనివారం పొద్దున వంకాయలు కోయలేదు.

"సెమినార్‌కి వెళ్తున్నానత్తయ్యా."

"భానూ, నా పరువు తీస్తావా?" గదిలోంచి ఆదర్శ్ అరిచాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. లింగంపల్లిలో బస్సు మారి యూనివర్సిటీ చేరేసరికి కిరణ్ బోర్డు దగ్గరున్నాడు, చేతిలో ప్రొఫెసర్‌గారికి నేనిచ్చిన నోట్సు.

ముందు వరుసలో ఎవరో అడిగారు. "వలయం చేశాక కూడా పదిహేనూ ఉంటాయా?"

కిరణ్ కాగితాలు తిరగేశాడు. "ఉంటాయనుకుంటానండీ..."

"ఉండవు" అన్నాను, వెనక బెంచీలోంచి లేచి. "పదకొండే మిగులుతాయి. ఒకచోట నిలబడి చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటుంది. వలయం మొత్తం చుట్టి చూస్తే, అయిదో దిశను మిగతావాటితో కలిపి తిప్పే ఆ నాలుగూ చెల్లవు."

కిరణ్ సుద్దముక్క నా చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు. "మీరే చెప్పండి మేడమ్."

నలభై నిమిషాలు మాట్లాడాను. అంతసేపూ ఎవరూ నన్ను మంచినీళ్ళు తెమ్మనలేదు.

అందరూ వెళ్ళాక విశ్వేశ్వరరావుగారు దగ్గరకొచ్చారు. "మీవారు కుదరదన్నారే! ఎలా ఒప్పించావమ్మా?"

సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలియదు.

"ఒప్పించలేదు సార్. చెప్పి వచ్చాను."