మంచు కరిగేలోపు బేరం

డ్వేన్ కొస్కెలా ఇళ్లు కొనేది నవంబరులో, అమ్మేది ఫిబ్రవరి దాటకుండా. అమెరికా ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డునున్న దులూత్‌లో ఈ వ్యాపారం చేసే తక్కినవాళ్లంతా వసంతం కోసం కాచుకుని కూర్చుంటారు. సరస్సు మీద ఐసు విరిగి, పెరట్లో గడ్డి పచ్చబడ్డాక, గుమ్మం ముందు రెండు పూలకుండీలు పెట్టి అమ్మకం బోర్డు పాతుతారు. వాళ్లంటే డ్వేన్‌కి మహా చులకన. మంచును మించిన పనివాడు లేడనీ, కూలి అడగడనీ, చిల్లులుపడ్డ కప్పునీ బీటలిచ్చిన మెట్లనీ కుంగిన పెరడునీ రాత్రికి రాత్రి ఒకే తెలుపు వేసి పోతాడనీ బీరు తాగినప్పుడల్లా చెప్పేవాడు. పైగా చలికాలంలో ఇల్లు అమ్ముకునేవాడు గత్యంతరం లేనివాడు. ఇంట్లో చావో, విడాకులో, బ్యాంకు నోటీసో ఉంటేనే అమ్ముతాడు. అలాంటివాడు బేరమాడడు.

ఈ మాటలు మొదటిసారి విన్నప్పుడు అతని భార్య నోరీన్ నవ్వింది. అప్పుడు ఆమెకి పెళ్లయిన కొత్త, డ్వేన్‌కి నడుము సన్నం. ఇప్పుడు అతను ఆ మాట ఎత్తుకుంటే చాలు, ఆమె లేచి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది.

నోరీన్ ఆసుపత్రి వంటగదిలో పని చేసేది. నెలనెలా జీతం వచ్చే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే కనుక బ్యాంకు అప్పు ఆమె పేరు మీదే ఇచ్చేది; ఇల్లూ ఆమె పేరు మీదే రాసేవారు. డ్వేన్ పేరు చెబితే బ్యాంకులో గుమాస్తాలు కంప్యూటర్ వంక చూసి, తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకునేవారు. అయినా ఊరందరికీ అవి డ్వేన్ ఇళ్లు. అద్దె దండగ అని అతను ఏ ఇల్లు బాగుచేస్తుంటే ఆ ఇంట్లోనే కాపురం పెట్టించేవాడు. అంచేత ప్రతి చలికాలం నోరీన్ ఒకే గదిలో, గుమ్మానికి ప్లాస్టిక్ పరదా కట్టుకుని, స్నానాల తొట్టిలో కంచాలు కడుక్కుంటూ, సున్నం దుమ్ము పడ్డ సూప్ తాగుతూ గడిపేది. ఇల్లు ఇల్లులా తయారైన వారానికి దాన్ని అమ్మేసి ఇంకో శిథిలంలోకి మారేవారు. ఏ వీధిలోనూ పక్కింటివాళ్ల పేరు తెలుసుకునే వ్యవధి ఉండేది కాదు.

ఆ ఏడాది కొన్న ఇల్లు కొండవాలు మీద, ఆర్వో సాల్మి అనే ముసలాయనది. రేవులో ఇనప ఖనిజం ఓడలకెత్తి రిటైరైన మనిషి. తుంటి విరిగాక వీధి మెట్లు ఎక్కలేక, వృద్ధుల వసతికి పోతూ ఇల్లు అమ్ముకున్నాడు. తాళాలు ఇచ్చే రోజున కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, వాళ్లిద్దరినీ నేలమాళిగలోకి తీసుకెళ్లాడు. ఉత్తరపు గోడ వెంబడి నేలలో చిన్న కాలవ తవ్వి, చివర గుంటలో పంపు పెట్టుకున్నాడాయన. కొండ మీద మంచు కరిగిందంటే ఆ గోడలోంచి నీళ్లు దిగుతాయని చెప్పాడు.

"కాలవని మూయకు బాబూ. దాని దారిన దాన్ని పోనిస్తే ఏ గొడవా ఉండదు" అన్నాడు.

డ్వేన్ ఆయన మోచెయ్యి పట్టుకుని, కన్నతండ్రికి చెప్పినట్టు మెత్తగా, అలాగే అలాగే అన్నాడు. ఆయన ట్యాక్సీ మలుపు తిరగకముందే టేపు తీసి గోడ కొలిచాడు. క్రిస్మస్‌కి ముందే ఆ కాలవ మీద ప్లైవుడ్, దాని మీద బూడిదరంగు కార్పెట్ పడ్డాయి. గోడకి చెక్క పలకలు బిగించి, ముందు పెద్ద సోఫా వేసి, దానికి సినిమా గది అని పేరు పెట్టాడు. ముసలాడు నలభై ఏళ్లు ఒక మురుగుకాలవని చూసుకుంటూ బతికాడని నవ్వాడు.

బూడిదరంగు అతనికి వేదం. గోడలు బూడిద, నేల బూడిద, వంటింటి అరలు బూడిద. స్నానాల గదికున్న మంచి ఓకు తలుపు పీకేసి, పశువుల కొట్టానికుండే జారుడు తలుపు వేలాడదీశాడు. ఫ్యాషన్ అట. లోపలికి వెళ్లినవాళ్లు ఏం చేస్తున్నారో వంటింట్లో ఉన్నవాళ్లకి చక్కగా వినిపించేది. ఈ తలుపు చూసి ఇల్లు కొనేవాడికి ఇల్లెందుకు, కొట్టమే చాలు కదా అని నోరీన్ అంటే, నీకు అభిరుచి లేదన్నాడు. ఆసుపత్రిలో పళ్లు లేని రోగులకి అన్నీ కలిపి రుబ్బిన గుజ్జు పెడతారు. నోరీన్‌కి అతని అభిరుచి అదే రంగులో కనిపించేది.

జనవరిలో డ్వేన్ స్నేహితులతో కలిసి గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ నూనె ఆదా అవుతుందని ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ తగ్గించి పోయాడు, ఆమెతో చెప్పలేదు. ఆ సాయంత్రమే గాలివాన లాంటి మంచు పట్టుకుంది. బస్సులు ఆగిపోయి నోరీన్ ఆసుపత్రిలోనే, బట్టలుతికే గదిలో దుప్పట్ల గుట్ట మీద పడుకుంది. మర్నాడు ఇంటికొచ్చి తలుపు తీసేసరికి లోపల వాన కురుస్తున్న చప్పుడు. మేడ మీద చలికి గడ్డకట్టిన పైపు పగిలి, వంటింటి కప్పు ఊడి కొత్త గట్టు మీద పడి ఉంది. నీళ్లు మెట్ల మీంచి జారుతూ గుమ్మం దగ్గర గడ్డకట్టడంతో, ఆమె అడుగు వేయగానే కాలు జారి మోకాలు కొట్టుకుంది. కుంటుకుంటూ వెళ్లి నీళ్లు కట్టేసింది. బక్కెట్లతో ఎత్తింది. తడిసిన సున్నం పెళ్లలు పారతో తోసి వీధిలో పోసింది. వేళ్లు కొంకర్లు పోతే చంకల్లో పెట్టుకుని కాసేపు నిలబడి, మళ్లీ ఎత్తింది.

డ్వేన్ చేపల సంచి భుజాన వేసుకుని వచ్చి, కప్పు వంక చూశాడు.

"బాయిలర్ ఎవరు తగ్గించారు?" అన్నాడు.

"ఈ ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను కాదు. ఇంకెవరుంటారు, ఆ చేపలా?"

అతను నవ్వి, కొత్త సింకులోనే చేపలు కోశాడు. కప్పు ఆరేదాకా ఆగకుండా తడి దూలాల మీదే కొత్త బోర్డు కొట్టాడు. లోపల బూజు పడుతుందని ఆమె అంటే, పడితే పడుతుంది, కొన్నవాళ్లకి పడుతుందన్నాడు. నిచ్చెన మీద నిలబడి నోట్లో మేకులు పెట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తున్న ఆ మనిషి బట్టతలని నోరీన్ కింద నుంచి చూసింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. కూరలో పురుగు కనిపిస్తే తీసి పారేసేటప్పుడు ఎంత కోపం ఉంటుందో, అంతే ఉంది.

ఫిబ్రవరిలో ఒక ఎండ కాసిన ఆదివారం ఇల్లు చూపించారు. బ్రోకరు డెనీస్ ముందుగానే వచ్చి, పొయ్యి మీద దాల్చినచెక్క నీళ్లు మరిగించి ఇల్లంతా వాసన పట్టించింది. నేల మాయకుండా బూట్ల మీద నీలం సంచులు తొడుక్కుని జనం బారులు తీరారు. తెల్లటి మంచు కిటికీల్లోంచి మెరుస్తుంటే బూడిదరంగు నిజంగానే ఖరీదైనదిలా కనిపించింది. వాళ్లు జారుడు తలుపుని అటూ ఇటూ లాగి చూసి మురిసిపోయారు. ఒక్కడూ బాయిలర్ ఎన్నేళ్లదని అడగలేదు. ఒక్కరూ కప్పు మీద ఏముందని అడగలేదు. వంటింటి గట్టు మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నవాళ్లే అందరూ.

మినియాపొలిస్ నుంచి వచ్చిన కోల్టన్, బ్రియెల్ అనే కొత్త జంట నేలమాళిగలో చాలాసేపు ఉండిపోయారు. నోరీన్ కిందికి వెళ్లింది. బ్రియెల్ సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఇరవై అయిదు, ఇరవై ఆరు ఉంటాయేమో. నోరీన్‌కి ఎందుకో చెప్పాలనిపించింది. వాళ్ల మీద జాలితో కాదు. డ్వేన్‌కి తప్ప ఇంకెవరికైనా ఒక నిజం చెప్పి, వినే మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

"నువ్వు కూర్చున్న చోటికి ఏప్రిల్‌లో నీళ్లొస్తాయమ్మా. ఈ పలకల వెనక గోడ కారుతుంది. కాలవ ఉండేది, మూసేశారు" అంది.

బ్రియెల్ కళ్లు పెద్దవి చేసింది. "సరస్సు నీళ్లా?"

"సరస్సు కొండ కింద ఉంది. నీళ్లు కొండ ఎక్కవు. ఇది పైనుంచి వచ్చే మంచు నీళ్లు."

"మీరు పక్కింటివారా?" అని కోల్టన్ నవ్వుతూ అడిగాడు. "మీకు తెలిసినవాళ్లెవరో ఈ ఇంటి మీద కన్నేసినట్టున్నారు."

తాను ఈ ఇంట్లోనే ఉంటున్నానని నోరీన్ చెప్పబోయింది. కానీ బ్రియెల్ అప్పటికే లేచి గోడని వేళ్లతో నిమురుతోంది. "ఈ రంగు పేరేంటో తెలుసా అండీ మీకు?" అని అడిగింది.

నోరీన్ మెట్లెక్కి పైకి వచ్చేసింది. చెవిటివాళ్లయితే సైగ చేసి చెప్పొచ్చు, పిచ్చివాళ్లయితే పట్టుకుని ఆపొచ్చు; వీళ్లకి చెవులూ ఉన్నాయి, చదువూ ఉంది, చెప్పింది విన్నారు కూడా. విన్నాక రంగు పేరు అడిగారు.

సాయంత్రానికి ఆ జంటే అందరికంటే ఎక్కువ ధర పెట్టారు. ఇంటి లోపాలు చూసే తనిఖీ మనిషిని పిలిస్తే ఇల్లు ఇంకెవరో ఎగరేసుకుపోతారని డెనీస్ భయపెడితే తనిఖీ కూడా వద్దన్నారట. డెనీస్ కాగితాలు వంటింటి గట్టు మీద పరిచి, నేలమాళిగ సంగతి చెబుతూ నవ్వింది. ఎవరో ఆవిడ నీళ్లొస్తాయని బెదిరించబోయిందని కోల్టన్ చెప్పాడట.

"నేనే చెప్పాను" అంది నోరీన్.

డెనీస్ నవ్వు సగంలో ఆగింది. డ్వేన్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, తొడ చరుచుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"చూశావా డెనీస్? నా పెళ్లాం ఉన్నది ఉన్నట్టు చెప్పినా కొంటున్నారు. ఇన్నేళ్లూ నిన్ను వంటింట్లో కూర్చోబెట్టి తప్పు చేశానే, నోరీన్. వచ్చే ఇంటికి నువ్వే చూపించు" అన్నాడు.

అతని మొహంలో వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. పెళ్లయ్యాక అతను ఆమెని అంత మనస్ఫూర్తిగా మెచ్చుకోవడం అదే మొదలు. డెనీస్ గబగబా కలం తీసి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది. ఆ చోటికి పైన, తమకు తెలిసినంతలో నేలమాళిగలోకి నీళ్లు రావు అని అచ్చు వేసి ఉంది. కింద గీత దగ్గర పేరు ఒక్కటే, నోరీన్ కొస్కెలా.

నోరీన్ కాగితాలు నాలుగూ దగ్గరికి చేర్చి, అంచులు సరిచేసి, డెనీస్ చేతిలో పెట్టింది.

"అమ్మడం లేదు."

డ్వేన్ మొదట ఇంకాస్త ధర కోసం అనుకుని కన్ను కొట్టాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత, వేసవిలో పడవ కొనిస్తానన్నాడు. దానికీ ఆమె కదలకపోయేసరికి గట్టు మీద గుద్ది, ఏం చేస్తావ్ ఈ ఇంటిని అని అరిచాడు.

"ఉంటాను."

"ఈ కొంపలోనా? కప్పు లోపల తడి, కింద నీళ్లు, పైపులన్నీ కుళ్లినవి. మనిషన్నవాడు ఉంటాడా ఇందులో?"

నోరీన్ డెనీస్ వైపు తిరిగింది. "విన్నావుగా. ఇది రాసుకో ఆ కాగితంలో."

డెనీస్ తన సంచి సర్దుకుని, బూట్లకి నీలం సంచులు తొడుక్కునే ఉన్నానన్న సంగతి మరిచిపోయి, మంచులో జారుతూ కారెక్కింది.

డ్వేన్ ఆ రాత్రే తమ్ముడింటికి వెళ్లాడు. ఆమె ఒక్కతీ చలికి తట్టుకోలేక రెండు రోజుల్లో ఫోను చేస్తుందని చెప్పి వెళ్లాడు. ఫోను చేసింది అతనే. పశ్చిమపు వైపు మంచి ఇల్లొకటి, మొగుడూ పెళ్లాం కొట్టుకుని అమ్ముతున్నారు, చవక. బ్యాంకుకి వచ్చి ఒక్క సంతకం పెట్టమన్నాడు. విడిపోయినా వ్యాపారం వ్యాపారమే కదా అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఇల్లు వదిలి వెళ్లిన మగవాడు కోరేది ఏదో ఉంటుందనుకుంది, సంతకమని అనుకోలేదు. నీ తమ్ముడి పెళ్లాం చేత పెట్టించుకో అని ఫోను పెట్టేసింది.

శనివారం వచ్చి పనిముట్లన్నీ ట్రక్కులో వేసుకున్నాడు. నిచ్చెన తెస్తూ కొత్త గోడకి పొడవాటి గీత పెట్టాడు. అలవాటుకొద్దీ వేలితో తడిమి, పుట్టీ కోసం వెతుక్కుని, గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ ఒక్క క్షణం నోరీన్‌కి అతని మీద జాలి వేయబోయింది. ఇంతలో అతను బాయిలర్ చక్రం తగ్గించి ఉంచు, నూనె ఊరికే తగలేస్తున్నావని సలహా ఇచ్చాడు. ఆ జాలి అక్కడే ఆగిపోయింది.

మరుసటి వారం ఆమె గునపం తీసుకుని నేలమాళిగ పలకలు ఊడదీసి, కాలవ మీది ప్లైవుడ్ ఎత్తేసింది. సోఫా ఎవరికైనా పనికొస్తుందని వీధిలో పెట్టింది. చేతులు బొబ్బలెక్కాయి, మోకాలు ఇంకా నొప్పే. ఇల్లు గెలుచుకున్న సంతోషం లాంటిదేమీ ఆమెకి తెలియలేదు. చలి వేస్తోంది, బ్యాంకు వాయిదా ఉంది, కప్పు లోపల బూజు ఎంత పాకిందో చూడాలి. కానీ స్నానాల తొట్టిలో కంచాలు లేవు. తొట్టి నిండా వేడినీళ్లు పట్టుకుని, అందులో చల్లారేదాకా కూర్చుంది.

ఒక మధ్యాహ్నం డెనీస్ మంచులో పాతిన బోర్డు తీసుకోవడానికి వచ్చింది. కోల్టన్, బ్రియెల్ రెండు వీధుల అవతల ఇంకో ఇల్లు కొన్నారని చెప్పింది. అదీ బూడిదరంగేనట, జారుడు తలుపులు రెండున్నాయట, చాలా సంతోషంగా ఉన్నారట. "ఉంటారు" అంది నోరీన్. డెనీస్ తలుపులోంచి వంటింట్లోకి తొంగి చూసి మొహం చిట్లించింది. గోడలు నిండు పసుపు, అదీ చవకబారు పసుపు. పాత బూడిదరంగు అక్కడక్కడా కిందనుంచి కనబడుతోంది.

"ఈ రంగుతో జన్మలో ఎవరూ కొనరు" అంది.

"ఇంకో పూత వేయాలి" అని, నోరీన్ బ్రష్ అందుకుంది.