ఏడు గంటల కమాండు

ప్రింటింగ్ ప్రెస్సులో అందరూ ఆమెను సర్వర్ మేడం అంటారు. పేరుకే మేడం, చేసేది కోడిపుంజు ఉద్యోగం. పొద్దున్నే ఏడింటికల్లా వచ్చి కంప్యూటరులో ఒక్క కమాండు కొట్టాలి. అది కొడితేనే ఫైళ్లు అందుకునే సర్వరు ప్రోగ్రాము లేస్తుంది, బ్రాంచీల నుంచి పేజీలు వచ్చి పడతాయి, కింద మిషను తిరుగుతుంది. కొట్టకపోతే ఏడుంపావు నుంచి ఫోన్లే ఫోన్లు.

దీనికంతటికీ మూలం వాచ్‌మన్. ఎప్పుడో ఒకసారి వైరు కాలిందని, సాయంత్రం తాళం వేసేముందు బిల్డింగు మొత్తానికీ మెయిన్ స్విచ్ కట్టేసి పోతాడు. తెల్లారాక మళ్లీ వేస్తాడు. కరెంటు రాగానే యూనిక్స్ కంప్యూటరు తనంతట తాను లేస్తుంది గానీ, సర్వరు లేవదు. దాన్ని లేపే లైను, కంప్యూటరు లేవగానే చదివే స్టార్టప్ ఫైల్లో ఆమె రెండుసార్లు రాసింది. కంప్యూటరు రీస్టార్ట్ చేసి చూస్తే రెండుసార్లూ బుద్ధిగా లేచింది. మర్నాడు పొద్దున మాత్రం మొండికేసింది. అలసిపోయిన మనిషికి రోజూ చేసే చాకిరీ కంటే ఒకరోజు కూర్చుని ఆలోచించడమే కష్టం. ఇంతకంటే వచ్చి కమాండు కొట్టడమే నయమనుకుంది. అలా ఆరేళ్లు గడిచాయి.

ఆరునెలల కిందట అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, అదీ పొద్దున ఏడింటికే. "నేను వెళ్లకపోతే ప్రెస్సు ఆగిపోతుంది అక్కా" అంది ఆమె. "నీ పని నువ్వు చూసుకోవే" అని అక్క ఒక్కతే బస్సెక్కి వెళ్లేది. నిన్న అక్క బస్సు దిగుతూ కళ్లు తిరిగి పడిపోయింది. ఎవరో లేపి కూర్చోబెట్టారట.

ఇవాళ మధ్యాహ్నం సర్వర్ మేడం తిన్నగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్లింది.

"మెయిన్ ఒకసారి కట్టెయ్యి బాబాయ్."

"పట్టపగలా? మిషన్ మేస్త్రీ నన్ను నమిలి మింగేస్తాడమ్మా!"

"భోజనానికి వెళ్లాడులే. రెండే నిమిషాలు."

కరెంటు పోయింది, వచ్చింది. ఆమె తెరకేసి చూస్తూ నిలబడింది. ఫైళ్లుండే డిస్కు వేరే పెట్టెలో ఉంది. కరెంటు పోయి వస్తే అది తేరుకోవడానికి ఒక నిమిషం పడుతుంది. ఈలోపే సర్వరు లేచి, ఫోల్డరు కనపడక, మళ్లీ ముసుగు తన్నేస్తోంది. ఉత్త రీస్టార్టుకి ఆ పెట్టె ఆగిపోదు కనక, ఈ సంగతి ఆమె పరీక్షల్లో ఎన్నడూ బయటపడలేదు. డిస్కు వచ్చేదాకా ఆగమని సర్వరుకి నాలుగు లైన్లు రాసింది. మెయిన్ మళ్లీ కట్టించి, వేయించింది. సర్వరు దానంతటదే లేచింది. ఆమెకు సంతోషం కలగాలి, కలగలేదు.

మళ్లీ డయాలసిస్ రోజున ఏడింటికి ఆమె ఆసుపత్రిలో అక్క మంచం పక్కన కూర్చుంది. ఏడుంపావైంది, ఏడున్నరైంది. ఫోను మోగలేదు.

"మరి నీ ప్రెస్సో?" అంది అక్క, సూదులున్న చెయ్యి కదపకుండా.

"సర్వరు దానంతటదే లేచేలా చేశాను."

"అమ్మయ్య. ఎన్నాళ్లు పట్టిందేమిటి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఒక నెల అంటే సరిపోయేది.

"అరగంట" అంది.

ఆ మాట అంటుంటే చెల్లెలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఎల్లుండి కూడా వస్తావా?" అంది అక్క.

"వస్తానక్కా."

"అయితే ఇంటికే వచ్చెయ్యి, కలిసి బస్సెక్కుదాం. ఒక్కదాన్నే రావాలంటే ప్రతిసారీ భయమేసేది నాకు."