కదలని ముల్లు

ఆ రెండు నిమిషాలు ఎక్కడికి పోయినట్టు, ఆరో నిమిషానికి రావాల్సిన పీక్ తీరిగ్గా ఎనిమిదికి వచ్చి కూర్చుంది, కాగితం మీద యంత్రం పెన్ను గీసిన ఆ గుట్టను ఆమె మూడోసారి స్కేలు పెట్టి చూసింది, ఎనిమిదే, పొద్దున్న అసలు మందు యంత్రానికి ఎక్కించినప్పుడు ఆరుకే వచ్చిందిగా, అయితే ఈ జ్వరం సిరప్‌లో ఉన్నది ఆ మందు కాదన్నమాట, అదే రాసి సంతకం పెడితే ఈ పరీక్షగదిలో తన పని అయిపోతుంది, బ్యాచ్ మొత్తం పారబోస్తారు, కలిపినవాణ్ణి ఇంటికి పంపిస్తారు, కలిపినవాడేమో బావ, అక్క మొగుడు, కూరలో ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు రుచి చూసుకునే మనిషి, అలాంటివాడు ఒక మందుకి బదులు ఇంకో మందు వేస్తాడా, వెయ్యడు, ఆగాగు, బావ కాబట్టి వెయ్యడా?

పంపు మాత్రం ఏ పాపం ఎరగనట్టు ఉస్సుమంటోంది, గాలి వచ్చి కింది వెడల్పాటి పిస్టన్‌ని తోస్తే అది పైనున్న వేలెడంత పిస్టన్‌ని తోసి సాల్వెంట్ ద్రవాన్ని, దాంతోపాటు మందునీ పొడి కూరిన కాలమ్ గొట్టంలోకి ఎక్కిస్తుంది, ఏ మందు ఎన్నో నిమిషానికి అవతలికి వస్తే అదే దాని ఆనవాలు, ఒత్తిడి చూపే ముల్లు పొద్దున్న ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే, వెంట్రుకవాసి కదల్లేదు, మరి ముల్లు కదలకుండా పీక్ ఎలా జరిగింది, చిత్రంగా ఉందే, పక్కగదిలోని మోటారు పంపైతే దారిలో నలుసు అడ్డుపడినా ఒత్తిడి పెరిగిపోయి గంట కొట్టి అందరి ప్రాణాలూ తీస్తుంది, ఇదేమో గాలి, దానికి తెలిసింది తొయ్యడమే, అవతల ఎంత చేరిందో దానికేం పట్టింది, తనకి పని నేర్పిన పెద్దాయన గంటగంటకీ కొలజాడీ, గడియారం పట్టుకుని గొట్టం చివర కూర్చునేవాడు, ముల్లు బాగానే ఉంది కదండీ, చుక్కలు లెక్కపెట్టడం ఎందుకు అని నవ్వితే, అది ఎంత తోస్తోందో చెబుతుందమ్మాయ్, ఎంత వస్తోందో చెప్పదు అనేవాడు, చాదస్తం అనుకుంది, ఆయన రిటైరయ్యాక ఆ కొలజాడీలో కలాలు పెట్టుకుంటున్నారు.

కలాలు బల్లమీద కుమ్మరించి, కొలజాడీ కడిగి గొట్టం చివర పెట్టింది, పొద్దున్న అక్క ఫోన్ చేసి మీ బావ సిరప్ ఇవాళ నీ దగ్గరికే వస్తుందటగా, కాస్త చూడవే అంది, ఏం చూడమంటావ్, ఉన్నదే రాస్తాను అని కసురుకుంది, కసురుకున్న మనిషి ఇప్పుడు చేస్తున్నదేంటి, పదో నిమిషం, ఇరవై మిల్లీలీటర్లు నిండాలి, వంగి గీత చూసింది, పదిహేను, మళ్ళీ పట్టింది, పదిహేనే, ముప్పాతికే వస్తోంది, అందుకే ఆరు నిమిషాల దారికి ఎనిమిది పడుతోంది, కాలమ్‌కి ముందున్న ఫిల్టర్ విప్పితే బూడిదరంగు నలుసులు అట్టకట్టి ఉన్నాయి, కొత్తది బిగించి అదే సిరప్ ఎక్కించింది, ఆరు, సరిగ్గా ఆరు, అమ్మయ్య, మందు ఆ మందే, బావ గట్టెక్కాడు, అక్కకి చెప్పాలని గబగబా ఫోన్ అందుకుంది.

ఫోన్ చేతిలోనే ఉండిపోయింది, కిందటి నెల కూడా ఇదే సిరప్, ఇదే పంపు, పీక్ ఏడున్నరకి వచ్చింది, కలిపింది బావతో పాటు పనిచేసిన కళ్ళజోడాయన, ఆ తలుపు దగ్గరే నిలబడి ఇంకొక్కసారి చూడండి మేడమ్, నేను తప్పు వెయ్యలేదు అన్నాడు, ముల్లు కదల్లేదండీ, పంపు బాగానే ఉంది అంది తను, సంతకం పెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు, మర్నాటికి ఆయన్ని ఇంటికి పంపేశారు, కంపెనీలో ఆయన బట్టల బీరువా ఖాళీ, ఆ రోజు నిజంగా మందే తేడానేమో, కాదేమో, తెలియదు, కొలిస్తే కదా తెలిసేది, కొలజాడీ ఆ రోజూ ఇక్కడే ఉంది కలాలతో, మరి ఎందుకు కొలవలేదు, ఆయన తనకి బావ కాడు గనకా, ఎవరికో ఒకరికి బావే అయి ఉంటాడు కదా, పారబోసినా సరే ప్రతి బ్యాచ్‌లోంచీ ఒక సీసా దాచి ఉంచుతారు, అదీ ఉండే ఉంటుంది, ఫోన్ పక్కన పెట్టి లేచింది, అర తెరిచి వెనక్కి చెయ్యి పెట్టి తీసింది, సీసా మీద ఆయన చేతిరాత గుండ్రంగా, పొందిగ్గా ఉంది, ఆ రోజు కదలనిది ముల్లొక్కటే కాదు, తను కూడా.