హొన్నగడ్డ మీది ఎర్ర మరక

పడవలు ఆగి పన్నెండు రోజులైంది. అయినా కంప్యూటర్ తెర మీది గాలి కాలుష్యం పటంలో హొన్నగడ్డ ఎర్రగానే కనిపిస్తోంది. కాలుష్య నియంత్రణ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే దేవిక కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది.

రాయచూరు జిల్లాలో, కృష్ణ నడుమ ఉన్న ఆ లంకకు సెలవు రోజుల్లో వేలమంది వస్తారు. ఉపగ్రహం పంపిన లెక్కలు చూసి, అక్కడి గాలిని పాడుచేస్తున్నవి డీజిల్ పడవలేనని నివేదిక రాసింది తనే. దాన్ని బట్టే అధికారులు పడవలు ఆపించారు. నలభై ఇళ్లలో పని పోయింది.

ఇప్పుడు మళ్లీ చూస్తే తప్పు తెలిసింది. ఆ చిత్రంలో ఒక్కో గడి ఐదు కిలోమీటర్లు. లంకా, అవతలి ఒడ్డూ ఒకే గడిలో ఉన్నాయి. పొగ ఎక్కడిదో పైనుంచి తేలదు, వెళ్లి చూడాల్సిందే.

చేత్తో పట్టుకునే గాలి మీటరు తీసుకుని రేవుకు వెళ్లింది. ఆమె పేరు చెప్పగానే, ఆ నివేదిక రాసిన మనిషని గుర్తుపట్టి, పడవ నడిపే జంబన్న మొహం తిప్పుకున్నాడు. తప్పు తనదేనేమో, తేల్చుకోవడానికే వచ్చానని చెప్పింది. అతను ఆమె చేతిలోని మీటరు వైపు చూసి, ఇంజను లేని, బుట్టలా గుండ్రంగా ఉండే తన పాత పుట్టిని నీళ్లలోకి తోశాడు.

లంక దగ్గర మీటరులో అంకె తక్కువే. అవతలి ఒడ్డుకు పోయేకొద్దీ పెరిగింది. తుమ్మచెట్ల వెనక రేకుల షెడ్డు, పాత టైర్ల గుట్ట, నల్లటి పొగ. రబ్బరు కాలిన కంపుకు గొంతు మండింది. ఆమె ఫొటో తీస్తుండగానే ఇద్దరు మనుషులు కర్రలతో ఒడ్డుకు దిగి, ఎవరు మీరని కన్నడలో అరిచారు.

దేవిక మీటరును చున్నీ కింద దాచింది. జంబన్న వల ఎత్తి చూపించి, చేపలకొచ్చామన్నాడు. ఒకడు మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి పుట్టి అంచు పట్టుకున్నాడు. ఇంకో అడుగు వేస్తే లోతైన మడుగుందని, పుట్టి తిరగబడితే ముగ్గురమూ పోతామని జంబన్న నెమ్మదిగా చెప్పాడు. వాడు కిందికి చూసి, చెయ్యి వదిలాడు.

నది మధ్యకు వచ్చాక గాని దేవిక మీటరు బయటికి తీయలేదు.

"గిదంత ముందే జూడకపోతివా, అమ్మా?" అన్నాడు జంబన్న. "పన్నెండు దినాల సంది మా ఇంట్ల పొయ్యి సక్కగ ఎలగలె."

"జూడలేదన్నా. ఆఫీసుల కూసోనే రాసిన."

పాత నివేదిక ఊసెత్తకుండా కొత్తది రాయమన్నాడు ఆమె పై అధికారి అంబరీశ్. దేవిక మాత్రం మొదటి వాక్యంలోనే తన తప్పు రాసి సంతకం చేసింది.

వారం తిరిగేసరికి పడవలు మళ్లీ నడిచాయి. షెడ్డుకు తాళం పడింది. తప్పు రాసి ఒప్పుకున్నందుకు దేవిక కాంట్రాక్టును మాత్రం ఆఫీసువాళ్లు పొడిగించలేదు. ఆ సంగతి విన్న జంబన్న ఆఫీసుకొచ్చి, ఆమె సర్దుకున్న సామాన్ల పెట్టెను ఒళ్లో పెట్టుకుని, ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.