నాన్న పడుకున్నాడు

ఆ ఇంట్లో కుక్కర్ ఎప్పుడో అటకెక్కింది. చెడిపోయి కాదు, శుభ్రంగా కూత పెడుతుంది కాబట్టే.

ఇంటాయనకి రొట్టెల బట్టీలో రాత్రి పని. అందరూ పడుకునే వేళకి వెళ్ళి, పిండి పిసికి, నిప్పు దగ్గర మాడి, తెల్లారాక ఇల్లు చేరతాడు. తలుపు తియ్యగానే ముందు రొట్టె వాసన లోపలికొస్తుంది, దాని వెనకాల ఆయనొస్తాడు. స్నానం చేసి, పెట్టింది నాలుగు ముద్దలు మింగి మంచమెక్కుతాడు. ఇల్లంటే ఒక గది, దాన్ని అంటుకుని వంటిల్లు. మధ్యలో తలుపు కూడా లేదు, ఒక కర్టెన్. అందులో కుక్కర్ కూత పెడితే ఆ మనిషి నిద్ర ఏం కాను?

అందుకని ఇల్లాలు పప్పు గిన్నెలోనే ఉడకబెడుతుంది, ఎంతసేపు పట్టినా సరే. వెల్లుల్లి దంచాలంటే రోలు కింద పాత దుప్పటి మడిచి వేస్తుంది. పోపులో ఆవాలు చిటపటమనేలోపే మూత పెట్టి చేత్తో అదిమి పట్టుకుంటుంది. కారే కుళాయికి గుడ్డ పీలిక కట్టింది, చుక్క టప్పుమనకుండా పీలిక వెంబడి జారిపోతుందని. సొంత వంటింట్లో దొంగలా మసలడం ఎంత విసుగో చేసినవాళ్ళకే తెలుస్తుంది. గరిటె చేయి జారిందంటే ఆవిడ గుండె కూడా జారేది.

ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది రెండో క్లాసు. దాని పెత్తనం చూసి దొరసాని అని పేరు పెట్టారు. చిన్నదానికి నాలుగేళ్ళు, దాన్ని పిచ్చుక అంటారు. లేచింది మొదలు ఆ ఇద్దరూ వినే మాట ఒక్కటే. "ష్! నాన్న పడుకున్నాడు." బొమ్మ కింద పడితే ష్. నవ్వొస్తే ష్. తుమ్మొస్తే ఆ తుమ్మేదో బయటికెళ్ళి తుమ్మిరండి.

"మీ ఇంట్లో పిల్లలున్నట్టే ఉండదమ్మా, ఎంత పద్ధతిగా పెంచావు! మావాళ్ళూ ఉన్నారు దేనికి, ఇల్లు పీకి పందిరేస్తారు" అనేది పక్కింటి పిన్ని. ఆ మాటకి ఇల్లాలు మురిసిపోయేది కూడాను, పిచ్చిది.

చిక్కల్లా పిచ్చుకతోనే. అది నాన్నతో మాట్లాడదు. వీధిలో ఆడుకునేటప్పుడు దాని గొంతు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. అదే పిల్ల నాన్న ముందు నిలబడితే పెదాలు కదులుతాయి, మాట బయటికి రాదు. "ఏంటమ్మా? గట్టిగా చెప్పు" అని ఆయనంటే బిక్కమొహం వేసి అమ్మ వెనక్కి చేరుతుంది. మధ్యాహ్నాలు మాత్రం ఆయన మంచం పక్కన నేల మీద బొమ్మనేసుకుని కూర్చునేది. అడ్డం రాకుండా ఆడుకుంటోంది కదా, అదే పదివేలు అనుకుని ఇల్లాలు తన పని తాను చూసుకునేది.

ఒకరోజు పొద్దున ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేశాడు.

"దానికి నేనంటే భయమా? నేనేం చేశానే దాన్ని? ఒక్క దెబ్బ వేసి ఎరుగుదునా? పరాయివాణ్ణి చూసినట్టు చూస్తుంది" అన్నాడు.

"అయ్యో, సిగ్గండీ అది. పెద్దయితే అదే పోతుంది" అంది ఆవిడ. అంది కానీ మనసులో కలుక్కుమంది. ఎవరి కోసం ఇంత చాకిరీ చేస్తున్నాడో ఆ పిల్లే మొహం చాటేస్తే ఆయనకెలా ఉంటుంది మరి?

అప్పుడే కలిసొచ్చినట్టు బట్టీ మరమ్మతుకొచ్చింది. ఒక్క రాత్రి పని లేదన్నారు. ఇల్లాలు వెంటనే పథకం వేసింది. బస్సెక్కి వెళ్తే దూరాన ఒక పెద్ద చెరువుంది, అందులో కాళ్ళతో తొక్కే పడవలున్నాయి. ఒక్కో పడవలో ఇద్దరే పడతారు. దొరసానిని తను తీసుకుని, పిచ్చుకని ఆయన పక్కన కూర్చోబెట్టి నీళ్ళలోకి తోసేస్తే సరి. చుట్టూ నీళ్ళు, పారిపోవడానికి అమ్మ వెనక లేదు. మాట్లాడక ఏం చేస్తుంది? ఆవిడ ఆశంతా ఆ పడవ మీదే పెట్టుకుంది.

ఆ పొద్దున ఆయన పని నుంచి వచ్చి పడుకోలేదు. "బస్సులో ఓ కునుకు తీస్తాలే" అని స్నానానికి వెళ్ళాడు. ఈవిడ చీకటితోనే లేచింది. అన్నం వండింది, బంగాళాదుంపలు వేయించింది, గుడ్లు ఉడికించింది, పెరుగు సీసాలో పోసింది. రొట్టె మాత్రం పెట్టలేదు. సెలవు రోజు రొట్టె మొహం చూపిస్తే ఆయన సన్యాసం పుచ్చుకుంటానంటాడు. వెల్లుల్లి దంచుతూ దంచుతూ కిందికి చూసుకుంటే రోలు కింద దుప్పటి మడత ఉంది. ఇంట్లో ఎవరూ పడుకోలేదు. అయినా పెట్టింది. చేతులకి అలవాటైపోయింది, వాటినేం అంటాం?

పిల్లల్ని బయల్దేరదీయడం మాటలా! ఒకతెకి ఎడమ చెప్పు కనపడదు. రెండోదానికి తలుపు తాళం వేశాక దాహం. సంచీ భుజానికి తగిలించుకుని బస్సెక్కేసరికి ఇల్లాలికి తలప్రాణం తోకకొచ్చింది. ముందు సీట్లో ఆయన, కిటికీ పక్కన పిచ్చుక. వెనక సీట్లో తను, దొరసాని. బస్సు కదిలిందో లేదో ఆయన తల వాలిపోయింది. నోరు తెరుచుకుని గుర్రు మొదలు.

అబ్బ, ఆ మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కళ్ళ కింద గుంటలు. చెవి వెనక ఇంకా కాస్త పిండి అంటుకునే ఉంది.

"నాన్న పడుకున్నాడు, అరవకండి" అంది ఇల్లాలు. "ఇదుగో దొరసానీ, నీలం రంగు వాటర్ ట్యాంకు వస్తుంది చూడు, ఇంత లావుది. అది కనపడగానే చెప్పు. ఆ తర్వాత స్టాపులోనే మనం దిగాలి."

"సరే" అంది దొరసాని, తెగ పెద్దరికంగా.

ఇల్లాలు మెలకువగానే ఉందామనుకుంది. ఉండేదే. కానీ కిటికీలోంచి చల్లగాలి, ఒళ్ళో వెచ్చటి అన్నం డబ్బా, ఎన్నాళ్ళ అలసటో ఏమో. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే ఏమైంది అనుకుంది. అంతే.

"ఏమండోయ్! అందరూ దిగిపోయారు, మీరింకా జోగుతున్నారేంటి? లాస్ట్ స్టాపు!"

కండక్టరు సీటు మీద చేత్తో చరుస్తున్నాడు. ఇల్లాలు ఉలిక్కిపడి లేచింది. ఆయనా లేచి, ఎక్కడున్నాడో తెలియక నాలుగు దిక్కులూ చూశాడు. చెరువు లేదు, పడవల్లేవు. బస్సులు నిలిపే ఆవరణ, నూనె మరకలు, ఒక బల్ల, ఒక మూలన నీళ్ళ కుళాయి. అంతే.

"తిరుగు బస్సు ఎప్పుడండీ?" అని అడిగాడాయన.

"మధ్యాహ్నం దాటాక. చెరువుకా? అది ఎప్పుడో వెనకపడిపోయింది. ఈ బస్సెక్కి మీరు అక్కడికి చేరేసరికి పడవలు కట్టేస్తారు" అన్నాడు కండక్టరు, టీ తాగడానికి వెళ్ళిపోతూ.

ఇల్లాలు బల్ల మీద కూలబడింది. ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళకి ఒక్కరోజు దొరికితే అది కాస్తా బస్సులో నిద్రకి సరిపోయింది. "పోనీలేవే, పిల్లలకి ఆకలేస్తుంది, పెట్టు" అన్నాడాయన. డబ్బాలు విప్పింది. నలుగురూ బల్ల మీద వరసగా కూర్చుని తిన్నారు. ఆయన గుడ్డు పెంకు ఒలిచి పిచ్చుకకి ఇవ్వబోతే అది ఏదో గొణిగి తీసుకుంది. ఆయనకి వినపడలేదు. "ఏంటమ్మా?" అన్నాడు. అది తల దించుకుంది. ఆయన చేయి తుడుచుకున్నాడు. అది చూసి ఇల్లాలి ఒళ్ళు మండిపోయింది. మంటంతా పెద్దదాని మీదికి పోయింది.

"వాటర్ ట్యాంకు కనపడితే చెప్పమన్నానా లేదా? కిటికీలోంచి గుడ్లప్పగించి ఏం చూస్తున్నావే?"

"చెప్పాను" అంది దొరసాని.

"ఎప్పుడు చెప్పావు? అబద్ధాలొకటా!"

"చెప్పానమ్మా! ట్యాంకు రాగానే నీ చెవి దగ్గరికొచ్చి చెప్పాను. నువ్వు లేవలేదు. మళ్ళీ చెప్పాను. మెల్లగా."

"మెల్లగా చెప్తే ఎవరికి వినపడుతుందే? గట్టిగా అరవొచ్చుగా! కుదిపి లేపొచ్చుగా!"

దొరసాని అమ్మకేసి, ఈవిడకి మతి పోయిందా అన్నట్టు చూసింది.

"నాన్న పడుకున్నాడుగా!"

ఇల్లాలు అన్నం డబ్బాకి మూత పెట్టి అదిమింది.

"చెల్లి కూడా చెప్పింది, నాన్న చెవిలో. పడవలొచ్చాయి నాన్నా అని. రోజూ చెప్పినట్టే చెప్పింది" అంది దొరసాని, తప్పంతా తనొక్కదానిదే కాదని తేల్చడానికి.

ఆయన తలెత్తాడు. "రోజూ చెప్పినట్టా? రోజూ ఏం చెప్తుంది?"

"అన్నీ. మధ్యాహ్నం నీ మంచం దగ్గర కూర్చుని చెప్తుందిగా. ఎవరు కొట్టారు, ఏం బొమ్మ వేసింది, పిన్ని వాళ్ళ పిల్లి ఏం చేసింది, అన్నీ చెప్తుంది. నువ్వు లేవకుండా చెప్తుంది. చాలా బాగా చెప్తుంది నాన్నా, ఒక్కసారి కూడా నిన్ను లేపలేదు."

పిచ్చుక ఔనన్నట్టు తలూపింది. దాని మొహంలో కాస్త గర్వం కూడా ఉంది.

ఇల్లాలు ఆయన వైపు చూడలేకపోయింది. బొమ్మతో ఆడుకుంటోందనుకుంది తను. కర్టెన్ ఇవతల నిలబడి, మూత అదిమి పట్టుకుని, అవతల పిల్ల నాన్నకి కబుర్లు చెప్తుంటే వినిపించుకోలేదు. పరాయివాడు కాదు, పాడూ కాదు. అది పుట్టినప్పటినుంచీ నాన్నంటే పడుకునే ఉంటాడు. పడుకున్న మనిషితో ఎలా మాట్లాడాలో తనే కదా నేర్పింది! తనేనా నేర్పింది? తనే. ఇంకెవరు?

ఆయన లేచి పిచ్చుక ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చూడు, నేనిప్పుడు పడుకోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాను. చూశావా?"

అది ఆయన కళ్ళలోకి పరీక్షగా చూసి, తలూపింది.

"నేను అదుగో, ఆ కుళాయి దాకా వెళ్తా. అక్కణ్ణుంచి నాకు వినపడేలా పిలవాలి. వీధిలో నీ స్నేహితుల్ని పిలుస్తావట, అలాగ. సరేనా?"

ఆవరణ దాటి కుళాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నిద్రలేని మనిషి, చొక్కా నలిగిపోయి, చేతులు రెండూ నోటి పక్కన పెట్టుకుని, "ఏదీ, పిలువు!" అని అరిచాడు.

పిచ్చుక తిరిగి అమ్మ మొహంలోకి చూసింది. పిలవొచ్చా అని అడుగుతోంది. ఇల్లాలు తలూపింది. పొట్ట లోపలికి పోయేదాకా గాలి పీల్చుకుంది పిచ్చుక. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నాన్నా!"

ఎంత గొంతు! టీ తాగుతున్న కండక్టరు గ్లాసుతో సహా ఇటు తిరిగాడు. కుళాయి దగ్గర ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ష్!" అంది ఇల్లాలు.

ఆవిడ అనాలనుకోలేదు. వేలు పెదాల మీదికి దానంతటదే వెళ్ళింది. పిచ్చుక రెండు చేతులతోనూ నోరు మూసేసుకుంది. అవతల ఆయన చేతులు ఇంకా నోటి పక్కనే ఉన్నాయి.

ఇల్లాలు ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని కిందికి లాక్కుంది. పిల్ల దగ్గరికి జరిగి దాని చిన్న చేతులు నోటి మీంచి తీసింది.

"పిలువమ్మా, మళ్ళీ పిలువు. ఎంత గట్టిగానైనా పిలువు" అంది.

ఆ మాట కూడా గుసగుసగానే వచ్చింది.